నిలిచిన ఇసుక

ముకుందానికి ఆ తారీకు ఇప్పటికీ గుర్తే. రెండువేల నలభై ఒకటి, మార్చి పదిహేడు, ఆదివారం. ఆ మధ్యాహ్నం ముసలి రైతు సాలహ్ తోటలో ఏం తిన్నదీ గుర్తే. ఆవిరి మీద పొడిపొడిగా ఉడికించిన గోధుమరవ్వ, దాని మీద గుమ్మడి ముక్కలూ సెనగలూ వేసి వండిన మేకమాంసం, చివర్లో చల్లటి మజ్జిగతో వేలెడేసి ఖర్జూరాలు. అన్నిటికన్నా ముందు రొట్టె. వేడి ఇసుకలో పూడ్చి, పైన నిప్పులు కప్పి కాల్చిన రొట్టె అది. సాలహ్ దాన్ని తవ్వి తీసి, రెండు చేతుల మధ్యా ఎగరేసి దులిపి, గుడ్డతో తుడిచి విరిచాడు. పంటి కింద ఒక్క రేణువు తగల్లేదు.

“మా ఊర్లో స్టోరు బియ్యంలో ఇంతకన్నా ఎక్కువ రాళ్ళుంటాయి సార్,” అన్నాడు ఓబులేసు నోటినిండా పెట్టుకుని. తాడిపత్రి పక్క బోరుబండి నడిపి, ఆ పని మీదే ఆఫ్రికా చేరి, చివరికి ముకుందం ప్రయోగశాలలో మందు చల్లే యంత్రం దగ్గర కుదురుకున్న మనిషి అతను. “ఇసుకలో కాల్చిన రొట్టెలో ఇసుక ల్యాదంటే ఈ పెద్దాయన చేతిలో ఏదో ఉండాది.”

ముకుందం ఆ మాటను తనకు వచ్చిన అరబ్బీలో చెప్పాడు. సాలహ్ పడీపడీ నవ్వాడు. నవ్వు కాస్తా దగ్గులోకి తిరిగింది. అది తగ్గాక కళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క విరిచి ఓబులేసు ముందు పెట్టాడు.

విందు ఎందుకంటే, అంతకు ముందు మూడు రోజులు ఇసుకగాలి వీచింది. వీచినా తోటలోకి పిడికెడు ఇసుక జారలేదు.

అల్జీరియా దేశానికి తూర్పు అంచున, సహారా ఎడారిలో, సూఫ్ అని ఒక సీమ. ఎండ తాపానికి ఇళ్ళ మీద గుమ్మటాలు కట్టుకున్న ఎల్ వెద్ పట్టణం దానికి నడిబొడ్డు. చుట్టూ ఎటు చూసినా ఇసుక తిన్నెలే. వాన అరుదు. పారే ఏరు లేదు. ఉన్న నీళ్ళన్నీ ఇసుక అడుగునే. లోకంలో అందరూ నీళ్ళను చెట్టు దగ్గరికి తెచ్చుకుంటే, సూఫ్ రైతులు చెట్టునే నీళ్ళ దగ్గరికి దింపారు. తిన్నెల మధ్య ఐదారు నిలువుల లోతున గిన్నెలాగా గొయ్యి తవ్వి, అడుగున వేళ్ళకు తడి తగిలేట్టు ఖర్జూరపు చెట్లు నాటారు. గట్టు మీద నిలబడితే చెట్ల తలలు మాత్రం కనబడతాయి. ఆ గొయ్యితోటను వాళ్ళు ఘూత్ అంటారు. గాలి వీచినప్పుడల్లా పక్క తిన్నె జారి అందులో పడుతుంది. పడ్డ ఇసుకను తట్టకెత్తి, వీపున మోసి, ఏటవాలు ఎక్కి, బయట పోయాలి. ఈరోజు పోస్తే రేపు మళ్ళీ. సాలహ్ తాత మోశాడు, తండ్రి మోశాడు, సాలహ్ తన పన్నెండో ఏట నుంచీ మోస్తున్నాడు. ఇప్పుడతనికి అరవై ఏడు.

ముకుందానికి ఇసుక కొత్త కాదు. అనంతపురం జిల్లాలో, హగరి ఏటి ఒడ్డున పుట్టాడు. ఏటి ఇసుక గాలికి లేచి, మేట వేసి, వాళ్ళ నాన్న సజ్జచేను ఏడాదికి రెండు గజాల చొప్పున మింగడం చూస్తూ పెరిగాడు. తరవాత సూక్ష్మజీవుల చదువు చదివాడు. ముప్పై ఏళ్ళ పనికి ఫలం ఒక చిన్న జీవి. మంచుతడికి నిద్రలేస్తుంది. తనతో పాటు చల్లిన యూరియా తింటుంది. తిన్నందుకు బదులుగా సన్నటి సున్నం వదులుతుంది. ఆ సున్నంతో రేణువూ రేణువూ అతుక్కుని, తిన్నె మీద వేలి మందాన పెచ్చు కడుతుంది. తిండి అయిపోగానే అది మళ్ళీ నిద్రలోకి పోతుంది. కాగితాల్లో దానికి ఒక పొడుగాటి లాటిన్ పేరుంది. ఓబులేసు మాత్రం మొదటిరోజే దాన్ని “గార” అన్నాడు. అదే నిలిచిపోయింది.

“ఇక మీరు విశ్రాంతి తీసుకోవచ్చు, అమ్మి సాలహ్,” అన్నాడు ముకుందం ఆ మధ్యాహ్నం. అమ్మి అంటే అక్కడ బాబాయి. మీసాలాయన్ని అమ్మీ అని పిలవడానికి తనకు నాలిక తిరగదని ఓబులేసు పెద్దాయన అనే అనేవాడు.

“అంటే?”

“అంటే కూర్చో నాన్నా,” అంది దలీలా. సాలహ్‌కు ఒక్కతే కూతురు. ముప్పై రెండేళ్ళు. ముకుందం ప్రయోగశాలలో రెండో శాస్త్రవేత్త ఆమే. తోటల్లో మొదట మందు చల్లింది తన తండ్రి తోటలోనే కావాలని పట్టుబట్టిందీ ఆమే. “చాపేసుకుని, టీ తాగుతూ కూర్చో.”

“కూర్చోవడం నాకెవరు నేర్పారు? మీ తాత నేర్పాడా?” సాలహ్ లేచాడు. “తోటలోకి దిగినవాడు ఒట్టి వీపుతో పైకి రాకూడదు. చెట్లు చూస్తుంటాయి.”

అది వాళ్ళ వంశంలో కట్టుబాటు. దిగేటప్పుడు ఖాళీ తట్ట, ఎక్కేటప్పుడు నిండు తట్ట. జ్వరం వచ్చినా, పెళ్ళయినా, ఇంట్లో శవం లేచిన రోజైనా ఒక్క తట్ట. సూఫ్‌లో పాత కుటుంబాలు చాలావాటిలో అదే పద్ధతి. కానీ ఇప్పుడు ఎత్తడానికి వదులు ఇసుక లేదు. సాలహ్ ఏటవాలు పాదం దగ్గరికి వెళ్ళి, గునపంతో పెచ్చును పొడిచాడు. టప్‌మని విరిగింది. ముక్కల్ని మడమతో నలిపి, పొడిని తట్టకెత్తాడు. ఎండలో బంగారపు పొగలా దుమ్ము లేచి అతని తల చుట్టూ నిలబడింది.

అందరూ నవ్వారు. ముకుందానికి కళ్ళు చెమర్చాయి కూడా. ఫోన్ తీసి ఫోటో తీశాడు.

*

ఎండాకాలం పోయేసరికి నలభై ఒక్క తోటల్లో గార పనిచేస్తోంది. ప్రయోగశాల ఊరి చివర మూతపడ్డ ఒక పాత బడి. నల్లబల్ల ఉన్న గదిలో సూక్ష్మదర్శినులు, బెంచీలు తీసేసిన గదుల్లో పన్నెండు పెద్ద తొట్లు. తొట్లలో గార పెరుగుతూ, పులిసిన పిండి వాసన వేస్తూ ఉండేది. రాజధానిలో పథకం చూసే ఆఫీసు వాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. కొత్త సంవత్సరంలో ఇసుకగాలులు మొదలుకాకముందే విమానాలతో నాలుగు వందల తోటల మీద, రహదారుల వెంట చల్లాలని వాళ్ళ ఆత్రం.

ముకుందం అద్దెకుండేది సాలహ్ ఇంట్లోనే, వాకిలికి అవతలి గదిలో. భార్య ఇందుమతి పోయి ఆరేళ్ళు. పరాయి ఊళ్ళో ఒంటరి మనిషికి ఇల్లు దొరకడమే గొప్ప. ఇక్కడ ఇల్లుతో పాటు పొద్దున్నే గడప మీద మూత పెట్టిన పాలగిన్నె కూడా ఉండేది. పక్కింటి జొహ్రా పెట్టేది. ఎందుకమ్మా అని అడిగితే, “మేక ఎక్కువిచ్చింది” అనేది. నాలుగేళ్ళుగా ఆ మేక ఎక్కువే ఇస్తోంది.

అలారం అక్కర్లేదు ఆ వీధిలో. తెల్లవారుజామునే దగ్గు మొదలయ్యేది. ముందు సాలహ్, తరవాత జొహ్రా మొగుడు, ఆపైన వీధి మలుపు దాకా ఒక్కో ఇల్లూ. ఇసుక మోసినవాళ్ళ దగ్గు అది. పీల్చిన దుమ్మును ఒళ్ళు కొంచెం కొంచెంగా పైకి నెట్టుకుంటూ బతికే దగ్గు. అప్పుడప్పుడు రుమాలులో నిజంగానే ఇసుక పడేది.

అక్టోబరులో ఒకరోజు ముకుందం లేచేసరికి గోడ మీద ఎండ పడుతోంది. ఎందుకంత నిద్రపట్టిందో అర్థం కాలేదు. వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వీధి నిశ్శబ్దంగా ఉంది.

“నాన్నకు దగ్గు పోయింది!” అంది దలీలా, టీ గ్లాసు చేతికిస్తూ. ముఖం వెలిగిపోతోంది. “వారమైంది. నేనే నమ్మలేక ఎవరికీ చెప్పలేదు. యాభై ఏళ్ళ దగ్గు ప్రొఫెసర్!”

సాలహ్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. “దొక్తూర్, నీ గార నా గొంతుక్కూడా పట్టినట్టుంది,” అని నవ్వాడు. పొట్టి నవ్వు. మధ్యలో ఆపి, గాలి తీసుకున్నాడు.

ఆ రోజు పాలగిన్నెతో పాటు బెల్లం పాకంలాంటి ఖర్జూరపు పాకం కూడా గడప మీద ఉంది. జొహ్రా మొగుడికీ దగ్గు పోయింది. వీధి మలుపు దాకా అందరికీ పోయింది. దారిలో కనబడ్డవాళ్ళు ముకుందం చెయ్యి పట్టుకుని గుండెకు ఆనించుకున్నారు. దుమ్ము లేవడం లేదు కదా, అందుకే దగ్గు తగ్గిందని అతను అనుకున్నాడు. అలా అనుకోవడం హాయిగా ఉంది.

ప్రయోగశాలలో ఓబులేసుకు ఆ సంగతి చెప్పాడు. ఓబులేసు పైపు బిగిస్తున్నవాడు చెయ్యి ఆపాడు.

“పెద్దాయన నిన్న తట్ట ఎత్తుకుని పైకొస్తా నాలుగు సార్లు నిలబన్యాడు సార్. ముందు ఒక్కసారి కూడా నిలబడేటోడు కాదు. దలీలా పాప పోయి కింద నుంచి తట్టకు చెయ్యేసింది.”

“వయసు కదప్పా.”

“వయసే గానీ…” ఓబులేసు నేలచూపు చూశాడు. “బోరు ఏసేటప్పుడు లోపల్నుంచి రాతిపొడి పైకి వస్తాండాలి సార్. వస్తాన్నంతసేపూ బోరు దిగుతాన్నట్టు. పొడి రావడం ఆగిందంటే బాగుపడిందని కాదు. లోపల యాడనో పట్టుకునిందని.”

ముకుందం తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు పనిలో రెండుసార్లు లెక్క తప్పాడు.

*

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే గది చల్లగా ఉంది. నర్సు నడివయసు మనిషి. సాలహ్ చొక్కా విప్పాక, చల్లటి పలకను తన రెండు అరచేతులతోనూ రుద్దిరుద్ది వెచ్చబెట్టి, అప్పుడు అతని ఛాతీకి ఆనించింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. ఇందుమతి ఆఖరి నెలల్లో కూడా ఇలాంటి ఒక నర్సు ఉండేది. ముకుందం ముఖం తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ బొమ్మను వెలుగుబల్ల మీద పెట్టి, దగ్గరగా వంగి చూసింది.

“ఇసుక మోసేవాళ్ళ ఊపిరితిత్తులు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను,” అంది చివరికి. “పిండి చల్లినట్టుంటాయి. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. ఇది అలా లేదు. చూడండి, కలిసిపోయింది.”

తెల్లటి రేకులు ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ, అంచులు పదునుగా, రెండు పక్కలా విచ్చుకుని ఉన్నాయి. ఎల్ వెద్ బజారులో తోపుడుబళ్ళ మీద యాత్రికులకు అమ్మే ఇసుక గులాబీలు అచ్చం ఇలాగే ఉంటాయి. భూమి లోపల ఇసుకా జిప్సమూ కలిసి వేల ఏళ్ళకు పూసే రాతిపూలు. ఇవి ఏడు నెలలకు పూశాయి.

డాక్టరమ్మ సన్నటి గొట్టం వేసి, ఊపిరితిత్తుల్ని కాసిని నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు ఒక సీసాలో ఇచ్చింది. ఆ సాయంత్రం ప్రయోగశాలలో దలీలా ఒక చుక్క గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో చూసింది. తల ఎత్తకుండానే పక్కకు జరిగింది. ముకుందం వంగి చూశాడు. యాభై ఏళ్ళ కిందటివీ, నిన్నటివీ ఇసుక రేణువులు. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని. మధ్యలో తెల్లటి సున్నం. ఆ సున్నంలో బతికున్న గార.

“ఎలకలకు పెట్టాం,” అంది దలీలా. “ముప్పై రోజులు పీల్పించాం. ఒక్కదానికీ ఏమీ కాలేదు.”

“మన ఎలకల ఊపిరితిత్తుల్లో ఇసుక లేదు,” అన్నాడు ముకుందం.

నెత్తురులో కాస్త యూరియా ఎవరికైనా ఉంటుంది. తడి ఉంటుంది. వెచ్చదనం ఉంటుంది. సున్నానికి ఎముకలున్నాయి. గారకు ఇంకేం కావాలి? అతుక్కోవడానికి ఇసుక కావాలి. యాభై ఏళ్ళు తట్ట మోసినవాడి లోపల అదీ ఉంది.

“కానీ చల్లినప్పుడు మాస్కులు పెట్టాం కదా,” అంది దలీలా. “ఎండిపోయాక పెచ్చు కదలదు. దుమ్ము లేవదు. లోపలికి ఎలా పోయింది?”

ముకుందం బల్ల మీదున్న నివేదిక తీశాడు. రాజధానికి పంపిన మొదటి నివేదిక. అట్ట మీద మార్చి పదిహేడున తీసిన ఫోటో. గునపం పట్టుకుని నవ్వుతున్న సాలహ్, అతని ముఖం చుట్టూ బంగారు రంగు దుమ్ము. ఆ రోజు నుంచీ ప్రతి రోజూ, నలభై ఒక్క తోటల్లోనూ, పాత కుటుంబాల వాళ్ళు ఒట్టి వీపుతో పైకి రాకూడదని పెచ్చు పగలగొట్టి, నలిపి, ఒక్కో తట్ట మోశారు. తను చూశాడు. ముచ్చటపడ్డాడు. ఆ ఫోటోను పట్టుకెళ్ళి అట్ట మీద వేశాడు.

దలీలా ఆ బొమ్మను చూసింది. తరవాత ముకుందాన్ని చూసింది.

“నేనూ నవ్వాను,” అంది.

*

మర్నాడు ముకుందం రాజధానికి ఫోన్ చేశాడు. అవతలి అధికారి మర్యాదస్తుడు. ఓపిగ్గా విన్నాడు.

“ఒక్క ముసలాయన ఎక్స్‌రే చూసి పథకం ఆపమంటారా ప్రొఫెసర్?”

“ఒక్కడు కాదండీ. ఒక్కడిదే తీశాం. దగ్గు ఆగినవాళ్ళు వీధి నిండా ఉన్నారు.”

“దగ్గు ఆగితే జబ్బా?” అతను నిజంగానే తెలియక అడిగాడు. “చూడండి, తొమ్మిది రోజుల్లో విమానాలొస్తున్నాయి. చల్లడం చల్లుదాం. మీ పరిశీలన మీరు చెయ్యండి. రెండూ పక్కపక్కనే నడుస్తాయి.”

ముకుందం ఫోన్ పెట్టేసి బడి వసారాలో కూర్చున్నాడు. ఓబులేసు పక్కన వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

“తొట్లలో గార ఎన్ని తోటలకు సరిపోతుంది సార్?”

“నాలుగు వందల తోటలకు.”

“అది ల్యాకుంటే?”

“మళ్ళీ మొదట్నుంచి పెంచాలి. ఏడాది పడుతుంది. విత్తనం నా దగ్గరా, దలీలా దగ్గరా తప్ప ఇంకెక్కడా లేదు.”

ఓబులేసు లేచి లుంగీ దులుపుకున్నాడు. “దేనికో నీళ్ళ మోటరు ఆడిస్తాండేటప్పుడు తప్పు వాల్వు తిప్పినా అనుకోండి. నేను సదువుకున్నోణ్ణి కాదు. నన్నేమంటారు, ఇంటికి పొమ్మంటారు. నాకూ ఉగ్గాని తిని మూడేండ్లయింది.”

“వద్దు. తిప్పేది నేనే. చేసింది నేను కదా, ఓబులేసూ.”

ఇద్దరూ కలిసే తిప్పారు. దలీలా విత్తనం సీసాలు రెండూ తెచ్చి, సూక్ష్మజీవుల్ని చంపే ఆవిరిపెట్టెలో పెట్టి, ముల్లు ఎర్రగీత దాటేదాకా పక్కనే నిలబడింది. తొట్లలో క్లోరిన్ పోశారు. పులిసిన పిండి వాసన సాయంత్రానికి ఆసుపత్రి వాసనగా మారింది. ముప్పై ఏళ్ళ పని మురుగుకాలవలోకి తెల్లగా, నురుగుతో పోయింది. ముకుందం దాన్ని ఆఖరిదాకా చూశాడు. నిజానికి అతనికి ఆ క్షణంలో దాని మీద బాధ కలగలేదు. ఎందుకంటే బాధపడాల్సిన అసలు పని ఇంకా ముందుంది.

*

సాలహ్ వాకిట్లో దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. ముకుందం చాప మీద ఎదురుగా కూర్చుని, వచ్చీరాని అరబ్బీలో మొత్తం చెప్పాడు. ఎక్కడా మెత్తబరచలేదు. మాట దొరకనిచోట దలీలా అందించలేదు. అతనే వెతుక్కున్నాడు.

“అయితే నా లోపల తోట కట్టావు,” అన్నాడు సాలహ్. “తగ్గుతుందా?”

“లేదు. కొత్తది పోకుండా ఆపితే పెరగడం నెమ్మదిస్తుంది. ఉన్నది పోదు.”

“ఎన్నాళ్ళు?”

“తెలియదు, అమ్మి సాలహ్. ఈ గాలికాలం దాటవచ్చు.”

“పెచ్చు పొడవొద్దని నువ్వు చెప్పి ఉంటే వినేవాణ్ణా?” సాలహ్ తనను తానే అడుగుతున్నట్టు అడిగాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. “వినేవాణ్ణి కాదేమో.”

“చెప్పి ఉండాల్సింది నాన్నా,” అంది దలీలా గోడ దగ్గర్నుంచి. “వినడం వినకపోవడం నీ పని. చెప్పడం మా పని. నువ్వు మా తప్పు వదిలెయ్యకు.”

ముసలాయన కూతురి వైపు చూసి కనుబొమ్మలెత్తాడు. “విన్నావా దొక్తూర్? దీన్ని చదివించొద్దని మా అన్న చెప్పాడు. నేను వినలేదు.” తరవాత గొంతు తగ్గించాడు. “సరే. వదలను. మిగతా నలభై ఇళ్ళకూ నువ్వే వెళ్ళు. ఆస్పత్రివాళ్ళను పంపొద్దు. కాగితం అంటించొద్దు. ఈ దరిద్రపు అరబ్బీలోనే చెప్పు. వాళ్ళు తిడతారు. తిట్టాక తట్ట దించుతారు.”

ముకుందం నాలుగు రోజులు తిరిగాడు. దలీలా పక్కనే నడిచింది. కొన్ని ఇళ్ళలో తిట్టారు. ఒక ఇంట్లో అతని ముఖాన టీ గ్లాసు విసిరారు. తగలలేదు. ఎక్కువమంది నమ్మలేదు. దగ్గు పోయిందని దీవించినవాళ్ళకు, దగ్గు పోవడమే జబ్బు అని చెప్పడం ఎంత కష్టమో మొదటి గడప మీదే తెలిసింది. జొహ్రా ఇంట్లో అతను చెప్పడం అయ్యాక ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు గడప మీద పాలగిన్నె లేదు. ఆ మర్నాడు ఉంది. మూత మాత్రం లేదు.

ఎక్స్‌రేలు తీసిన ముప్పై మూడు మందిలో ఇరవై ఆరు మందికి పూలు కనబడ్డాయి.

ఇక పెచ్చు సంగతి. అది ఉన్నంతకాలం ఎవరో ఒకరు పొడుస్తారు. సున్నాన్ని పులుపు కరిగిస్తుంది, గారనూ చంపుతుంది. సూఫ్‌లో నాసిరకం ఖర్జూరాలు పులియబెట్టి తీసే వెనిగర్‌కు కొదవలేదు. ఇళ్ళనుంచి, అంగళ్ళనుంచి, డబ్బాలకు డబ్బాలు వచ్చాయి. ఓబులేసు అదే యంత్రానికి, అవే పైపులు బిగించి, తడి ఆరకుండా, దుమ్ము లేవకుండా, ఒక్కో తోటా చల్లుకుంటూ పోయాడు. సాలహ్ తోట ఆఖర్న పెట్టాడు. పెట్టమని ఎవరూ అడగలేదు.

పులుపు తగలగానే ఏటవాలంతా సన్నగా బుసబుస పొంగింది. సాలహ్‌ను కుర్చీలో మోసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. అతను ఆ చప్పుడు విన్నాడు.

“తాతకు చెప్పాలి,” అన్నాడు, “నీ ఇసుక నీకు తిరిగిచ్చేశానని.”

పెచ్చు పోయిన తోటను ఇక ఎవరో ఒకరు మోయాలి. పాత మోతగాళ్ళు దిగకూడదు. పట్టణంలో కుర్రకారు ఆ పని మరిచిపోయి రెండు తరాలైంది. సాలహ్ తోటలోని అరవై చెట్లకు ఆ ఏడు మోతగాళ్ళు లేరు.

*

జనవరి ఆఖర్లో మొదటి గాలి వచ్చింది. రెండు రోజులు వీచింది. రెండో రోజు సాయంత్రం ముకుందం గట్టు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. పడమటి తిన్నె జారి, తోటలో సగం దాకా వచ్చింది. ఆ వైపు చెట్లకు మెడల దాకా ఇసుక. ఒక చెట్టు గెలల కాడలు ఇసుకలోంచి చేతివేళ్ళలా పైకి ఉన్నాయి. ఇంకో గాలికి అవీ ఉండవు.

ముకుందం ఉద్యోగం పోయింది. తొట్లు ఎవరు ఖాళీ చేశారని రాజధానివాళ్ళు విచారణ పెట్టారు. అతను నేనే అని రాసిచ్చాడు. వచ్చే నెల దేశం విడిచి పొమ్మన్నారు. ఓబులేసును ఏమీ అనలేదు. అతనే, “పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఈడనే ఉంటా సార్, బండికి డ్రైవరు కావల్ల కదా,” అని ఉండిపోయాడు. వారానికి రెండుసార్లు రోగుల్ని ఆస్పత్రికి తీసుకుపోతున్నాడు. సీట్ల మీద దుప్పట్లు మడిచి మెత్తగా వేశాడు. గుంత వచ్చిన ప్రతిచోటా బండిని దాదాపు ఆపి, చేత్తో దించినట్టు దించుతాడు. మాట మాత్రం కరుకే. “ఏందప్పా మూల్గుతారు, కూర్చోండి సరిగ్గా!” అంటాడు తెలుగులోనే. వాళ్ళకు ఎలా అర్థమవుతుందో, కూర్చుంటారు.

ముకుందం గట్టు నుంచి తిరిగి వచ్చేసరికి పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయిపోయింది. సాలహ్ గది గుమ్మంలో సన్నటి వెలుతురు. లోపల ఆక్సిజన్ యంత్రం ఒకే తాళంలో ఆడుతోంది. సాలహ్ తోటవైపు కిటికీ మూయనివ్వలేదు. దలీలా తడిగుడ్డ పిండి కిటికీకి అడ్డంగా మేకులకు కడుతోంది. గుడ్డ అప్పుడే బూడిదరంగుకు తిరిగింది.

“ఎంతవరకు వచ్చింది?” అని సాలహ్ అడిగాడు, ముకుందం నీడ చూసి.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. “సగం.”

“పడమటివైపు?”

“ఆ.”

“అటుపక్కవి మా నాన్న నాటినవి.” ఊపిరి తీసుకున్నాడు. “తూర్పువి నావి. రేపు చూసి చెప్పు.”

ముకుందం బయటికి వచ్చి వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. గాలి కొంచెం తగ్గింది. వీధిలో ఎక్కడో ఒక తలుపు, ఒక పిలుపు, మేక అరుపు. కాసేపటికి లోపల దీపం తగ్గింది. దలీలా వచ్చి గడప మీద నిలబడింది.

“నిద్రపోయారా?”

“లేదు. కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. నేను వెళ్ళి పడుకోవాలని.”

ఆమె మెట్టు దిగబోయి ఆగింది. గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. మూడు మెట్లే ఉన్నాయి అక్కడ. ముకుందం లేవబోతే వద్దని తలాడించింది. మార్చి నుంచి అక్టోబరు దాకా ప్రతి సాయంత్రం తండ్రి పెచ్చు నలుపుతుంటే తట్ట పట్టుకుని ఎదురుగా కూర్చున్నది ఎవరో అతనికి ఆ క్షణంలో తట్టింది. ఆ లెక్క ఇన్నాళ్ళూ తను వెయ్యలేదు. ఆమె వేసే ఉంటుంది.

“రేపు బండిలో నాకూ ఒక చోటు ఉంచమనండి ఓబులేసును,” అంది. “డాక్టరమ్మ నన్ను కూడా ఒకసారి చూస్తానంది.”

“ఎప్పట్నుంచి?”

“నాన్నకు చెప్పొద్దు.”

అతను తల ఊపాడు. ఆమె వెనక్కి తిరిగి గదిలోకి ఒకసారి తొంగి చూసింది. తరవాత తలుపును రెండు చేతులతోనూ పట్టుకుని, మడతబందు కిర్రుమనకుండా కొంచెం పైకి లేపి, నెమ్మదిగా మూసింది.